అసలు కథా? పిట్టకథా?

2010 ఉగాది నాటి మాట. లండన్‌కి పడమటి వైపు మేముండే ఊళ్ళో తెలుగు కుటుంబాలవాళ్ళం ఒక చర్చి హాలు అద్దెకు తీసుకుని పండగ చేసుకున్నాం. ఉగాది పచ్చడి, పంచాంగ శ్రవణం, పిల్లల పాటలు, పులిహోర, బొబ్బట్లు అన్నీ అయిపోయాయి. ఆడవాళ్ళం గిన్నెలు సర్దుకుంటున్నాం, మగవాళ్ళు కుర్చీలు మడుస్తున్నారు. స్టేజి పక్కన మాత్రం ఐదారుగురు పిల్లలు గొంతులు పెంచి పోట్లాడుకుంటున్నారు. చేతులదాకా వస్తుందేమోనని వెళ్ళి చూద్దును కదా, తగవు ఆటబొమ్మల గురించి కాదు, క్రికెట్ గురించీ కాదు. 'డాక్టర్ హూ' గురించి! అందులో మా అబ్బాయిదీ, అమ్మాయిదీ చెరో పక్షం.

"టార్చ్‌వుడ్ లెక్కలోకి రాదు" అంటున్నాడు మావాడు. "సారా జేన్ కథలు లెక్కలోకి వస్తే అదీ రావాల్సిందే" అంటోంది మా అమ్మాయి. "టీవీలో రానిదంతా ఉత్తిదే" అని ఇంకొకడి తీర్పు.

కొడుకు దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దాయన పక్కనే కూర్చుని ఉన్నారు. కోనసీమలో ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. "ఏమిటమ్మా వీళ్ళ గొడవ?" అని నన్నడిగారు. నాకు తెలిసినంతలో చెప్పాను. ఏళ్ళ తరబడి టీవీలో వస్తున్న పెద్ద కథ ఒకటి ఉంది మాస్టారూ, దాంట్లోంచి వేరే కథలు పుట్టాయి, ఆ కథల్లో జరిగినవన్నీ అసలు కథలో కూడా జరిగినట్టా కాదా అని వీళ్ళ పేచీ, అన్నాను. ఆయన పెద్దగా నవ్వేశారు. "ఓస్, ప్రక్షిప్తమా కాదా అనే కదా! మేమూ జీవితమంతా అదే పని చేశాం. పోట్లాడుకోనివ్వండి" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటిదాకా నాకు ఆ తగవు పిల్లల పనికిమాలిన ఉబుసుపోక కబుర్లలా కనిపించేది. ఆ తర్వాత జాగ్రత్తగా వినడం మొదలుపెట్టాను. ఈ దేశంలో ఈ కథను ప్రేమించేవాళ్ళు పిల్లలే కాదు, మా ఆఫీసులో నెరిసిన జుట్టువాళ్ళు కూడా, ఇదే ప్రశ్న మీద గంటలు గంటలు వాదించుకోగలరు. వాళ్ళు నిజంగా అడుగుతున్నదేమిటో నాకు అర్థమైనంతవరకూ చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 'డాక్టర్ హూ' 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైంది. డాక్టర్ అనే ఆయన మనిషి కాదు, వేరే గ్రహంవాడు. బయటికి నీలిరంగు పోలీసు పెట్టెలా కనిపించే యంత్రంలో కాలంలోనూ, అంతరిక్షంలోనూ తిరుగుతూంటాడు. చావు దగ్గరకొచ్చినప్పుడు ఒళ్ళు మార్చుకుని కొత్త రూపం ఎత్తుతాడు. మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ 1966లో తప్పుకోవలసి వచ్చినప్పుడు కథ ఆగిపోకుండా కనిపెట్టిన ఉపాయం అది. మన కూర్మ, వరాహావతారాలకు అలవాటుపడ్డవాళ్ళకి ఇదేమంత వింతగా తోచదు. మనవాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి ఇంకొకటి ఉంది. మొట్టమొదటి కథకి దర్శకత్వం వహించిన వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టినవాడు. అప్పటికాయనకి పాతికేళ్ళు కూడా నిండలేదు.

ఈ ధారావాహిక 1989 దాకా నడిచి ఆగిపోయింది. 1996లో ఒక్క టీవీ సినిమా వచ్చింది. మళ్ళీ 2005 మార్చిలో రస్సెల్ టి. డేవీస్ ఆధ్వర్యంలో కొత్తగా మొదలైంది. మేం 2001లో ఈ దేశం వచ్చాం కనక మా పిల్లలకు తెలిసింది ఈ రెండో జన్మే.

ఇంత పొడుగు కథకి పిల్లకథలు పుట్టకుండా ఎలా ఉంటాయి? ఇంగ్లీషులో స్పిన్ ఆఫ్ అంటారు. నాకు మన పిట్టకథ అన్న మాటే బాగుంటుంది. హరికథలో దాసుగారు అసలు కథ ఆపి చెప్పే చిన్న కథ. ఒక్కోసారి జనానికి అసలు కథకంటే అదే గుర్తుండిపోతుంది. 1981 డిసెంబరులో 'కె-9 అండ్ కంపెనీ' అని, పాత కథల్లోని సారా జేన్ స్మిత్ అనే విలేఖరినీ, ఒక ఇనప కుక్కనీ పెట్టి ఒక్క భాగం తీశారు. అది ముందుకు సాగలేదు. 1991 నుంచి వర్జిన్ సంస్థ కొత్త నవలలు వేసింది, అరవైకి పైగా వచ్చాయి. 1999 నుంచి బిగ్ ఫినిష్ అనే సంస్థ పాత నటుల గొంతులతోనే శ్రవ్య నాటకాలు తీసుకొస్తోంది. టీవీలో 2006లో పెద్దలకోసం 'టార్చ్‌వుడ్', 2007లో పిల్లలకోసం 'ది సారా జేన్ అడ్వెంచర్స్' మొదలయ్యాయి. 2016లో 'క్లాస్' అని ఒకటి ఎనిమిది భాగాలు వచ్చి ఆగిపోయింది.

వీటి మీద అభిమానుల అభిప్రాయాలు నేను విన్నంతలో నాలుగు రకాలు.

మొదటి రకం వాళ్ళకి టీవీలో వచ్చిన అసలు ధారావాహిక ఒక్కటే ప్రమాణం. మిగతాదంతా కాలక్షేపం. రెండో రకం వాళ్ళకి అన్నీ ప్రమాణమే. నవలకీ, నాటకానికీ, టీవీకీ పొంతన కుదరకపోతే కాలంలో తిరిగే కథ కదా, కాలమే మారిపోయిందని సర్దిచెప్పేస్తారు. మూడో రకం వాళ్ళు తెలివైనవాళ్ళు. తమకి నచ్చినవి లెక్కలోకి వస్తాయి, నచ్చనివి రావు! నాలుగో రకం వాళ్ళు అసలీ ప్రశ్నే దండగ, కథ బాగుందా లేదా చూడండి అంటారు.

సాహిత్యం చదువుకున్నవాళ్ళెవరైనా నాలుగోవాళ్ళ పక్షమే చేరతారు. నేనూ మొదట అదే చేశాను. కానీ మిగతా మూడు రకాల వాళ్ళనీ తీసిపారేస్తే ఈ తగవులో ఉన్న బాధ మనకి అందదు. అది నాకు తెలిసింది టార్చ్‌వుడ్ వల్ల.

టార్చ్‌వుడ్ కథ వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో నడుస్తుంది. కెప్టెన్ జాక్ హార్క్‌నెస్ అనే చావులేని మనిషి, అతని చిన్న బృందం గ్రహాంతర జీవుల బెడద చూసుకుంటూంటారు. డాక్టర్ మాత్రం అందులో అడుగు పెట్టడు. మొదటి సంవత్సరం భాగాల మీద అభిమానులు తరచూ చేసిన ఫిర్యాదు, పెద్దల కథ అంటే శృంగారం, బూతులు, నెత్తురు అనుకున్నారే తప్ప పెద్దల ఆలోచన లేదని. నా అభిప్రాయమూ అదే. సగం యంత్రంగా మారిపోయిన ప్రియురాలిని నేలమాళిగలో దాచిపెట్టుకున్న కుర్రాడి కథ ఒకటుంది. ఎంత దుఃఖానికి చోటున్న కథ! దాన్ని ఆ అమ్మాయికి వేసిన వేషంతో నవ్వులపాలు చేశారు. అదే కాలంలో వచ్చిన పిల్లల కథ సారా జేన్ చావు గురించీ, ఒంటరితనం గురించీ ఇంతకంటే పెద్దమనిషి తరహాగా మాట్లాడిందని చాలామంది అన్నారు. కాదనలేం.

2009 జులైలో 'చిల్డ్రన్ ఆఫ్ ఎర్త్' వచ్చింది. వరసగా ఐదు రాత్రులు ఐదు భాగాలు. రాత్రి తొమ్మిదింటికి వచ్చేది. మావాడికి పదమూడేళ్ళు. చూస్తానని పట్టుబడితే, నేను పక్కన కూర్చుంటానన్న షరతు మీద ఒప్పుకున్నాను. చెల్లెల్ని నిద్రపుచ్చి ఇద్దరం కూర్చున్నాం.

కథ ఇది. ప్రపంచంలోని పిల్లలంతా ఒక్కసారిగా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి ఒకే గొంతుతో మేం వస్తున్నాం అంటారు. 456 అని పేరుపెట్టిన గ్రహాంతరజీవి వచ్చి భూమి మీది పిల్లల్లో పదోవంతుని ఇమ్మంటుంది. 1965లో ఒకసారి బ్రిటిష్ ప్రభుత్వం దిక్కులేని పన్నెండుమంది పిల్లల్ని దానికి అప్పగించిందని తర్వాత బయటపడుతుంది. అప్పగించినవాళ్ళలో మన కథానాయకుడు జాక్ కూడా ఉన్నాడు. ఇప్పుడు మంత్రులంతా బల్ల చుట్టూ కూర్చుని ఎవరి పిల్లల్ని ఇవ్వాలో చర్చిస్తారు. ముందుగా తమ పిల్లల్నీ, మనవల్నీ మినహాయించుకుంటారు. ఆ తర్వాత ఒకావిడ చాలా మామూలు గొంతుతో ఒక మార్గం చెబుతుంది. స్కూళ్ళ లీగ్ టేబుల్స్ ఉన్నాయి కదా, వాటిలో అడుగున ఉన్న స్కూళ్ళ పిల్లల్ని తీసుకుందాం అని. టీకాలు వేయిస్తామని చెప్పి బస్సులెక్కించాలని నిర్ణయిస్తారు.

నాకు ఆ క్షణంలో మింగుడు పడలేదు. ఎందుకంటే ఆ వేసవంతా మా ఆయనా నేనూ ఆ లీగ్ టేబుల్స్ పట్టుకునే ఇళ్ళు వెతుకుతున్నాం. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, లెవెన్ ప్లస్ పరీక్షకి ట్యూషన్ పెట్టించాం. అప్పుడు మేముంటున్న వీధికి దగ్గర్లో ఉన్న స్కూలు పట్టికలో అడుగుకి దగ్గరగా ఉంది. ఆ వీధిలోంచి బయటపడాలని మా తాపత్రయం. మా పక్కింట్లో ఉండే సోమాలియా కుటుంబానికి అలాంటి ఆలోచన చేసే స్తోమతు లేదు. వాళ్ళ పిల్లలూ మా పిల్లలూ కలిసే ఆడుకునేవాళ్ళు. ఆ మంత్రిగారి మాటలు వింటూంటే, బస్సు వస్తే మా వీధిలో ఎవరింటి ముందు ఆగుతుందో నాకు కళ్ళకు కట్టింది. మేం తప్పు చేశామని అనడం లేదు. మీలో చాలామంది అదే చేసి ఉంటారు, రేపు మళ్ళీ చెయ్యాల్సి వస్తే నేనూ అదే చేస్తాను. కానీ అంతవరకూ ఆ పట్టిక నాకు మా పిల్లలు ఎక్కే మెట్లలాగే కనిపించింది. దానికి అడుగు కూడా ఉంటుందనీ, ఆ అడుగున ఉన్నవాళ్ళకీ పేర్లుంటాయనీ ఒక సైన్సు ఫిక్షన్ పిట్టకథ చెప్పింది.

ఇది అసలు కథలో సాధ్యమయ్యేది కాదు. డాక్టర్ ఉంటే ఆఖరి నిమిషంలో వస్తాడు, ఏదో ఉపాయం వేస్తాడు, పిల్లల్ని కాపాడతాడు. అతను రాని రోజు మనుషులు ఏం చేస్తారో చెప్పాలంటే అతను లేని కథ కావాలి. పిట్టకథ అవసరమేమిటని అడిగేవాళ్ళకి ఇంతకంటే జవాబు నా దగ్గర లేదు.

ఐదో రాత్రి జాక్ మిగతా పిల్లల్ని కాపాడటానికి తన సొంత మనవణ్ణి బలిపెడతాడు. మావాడు ఏడవలేదు. లేచి నిలబడి, "ఇది లెక్కలోకి రాదమ్మా. డాక్టర్‌కి తెలిస్తే రాకుండా ఉండడు" అని మేడమీదికి వెళ్ళిపోయాడు. ఉగాదినాడు హాల్లో వాడు అరిచిన మాటకి మూలం ఇదీ. ఆ మాట వెనక ఉన్నది ప్రమాణాల చర్చ కాదు. ఆ కథ నిజమైతే, తను నమ్ముకున్న దేవుడిలాంటి మనిషి పిల్లల్ని వదిలేసినట్టు. అది వాడు భరించలేడు. లెక్కలోకి రాదంటే భరించలేనని అర్థం.

ఆ మాటకొస్తే పెద్దవాళ్ళూ అంతే. ఆ కథ నాలుగో రాత్రి అయాంటో జోన్స్ అనే కుర్రాడు చనిపోతాడు. బృందానికి కాఫీ పెట్టి ఇచ్చే పనితో మొదలై జాక్‌కి ప్రేమికుడైనవాడు. అభిమానులు కోపంతో బీబీసీకి కాఫీ పొట్లాలు పంపించారు. కార్డిఫ్ బేలో మర్‌మెయిడ్ కీ దగ్గర, కథలో అతను కూర్చునే ఆఫీసు తలుపున్న చోట పువ్వులూ, ఉత్తరాలూ పెట్టారు. అది ఏళ్ళ తరబడి ఒక స్మారక స్థలంగా నిలిచిపోయింది. ఒకసారి కార్డిఫ్ వెళ్ళినప్పుడు నేనూ చూశాను. లేని మనిషికి సమాధి ఏమిటని మా ఆయన నవ్వారు కానీ, నాకు నవ్వు రాలేదు. టీవీలో ఇద్దరు మగవాళ్ళ ప్రేమని అంత మామూలుగా చూపించడం అరుదైన రోజుల్లో అతనిలో తమని చూసుకున్నవాళ్ళు ఎందరో. వాళ్ళ దుఃఖం నాకు అర్థమవుతుంది. అయితే రచయితలు మమ్మల్ని మోసం చేశారన్న నింద మాత్రం నేను ఒప్పుకోను. చావు బరువుగా తగలని కథలో ఆ పిల్లల బతుకుకీ బరువుండదు. అయాంటో చావు ఆ కథకి కావాలి. అభిమానికి కథ మీద ప్రేమ హక్కు ఉంటుంది గానీ కలం పట్టుకునే హక్కు రాదు.

2011లో వచ్చిన 'మిరకిల్ డే' సంగతి వేరు. ప్రపంచంలో ఎవరికీ చావు రాకుండా పోతే ఏమవుతుందన్నది ప్రశ్న. మంచి ప్రశ్నే. ఒక అమెరికన్ చానల్‌తో కలిసి పది భాగాలు తీశారు. కథ చాలామటుకు అమెరికాకి తరలిపోయింది. ఐదు భాగాల సరుకుని పది భాగాలకి సాగదీశారని అభిమానులు విసుక్కున్నారు, నేనూ విసుక్కున్నాను. కార్డిఫ్ వాన, ఆ సముద్రపు ఒడ్డు, ఆ వేల్స్ యాస పోయాక టార్చ్‌వుడ్ ఎవరి ఊరి కథో తెలియకుండా పోయింది. వలస వెళ్ళినవాళ్ళం, ఊరు వదిలేస్తే ఏం పోతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక మా అమ్మాయి పక్షం.

సారా జేన్ స్మిత్ పాత కథల్లో 1973 నుంచి 1976 దాకా డాక్టర్‌తో తిరిగిన విలేఖరి. ఎలిజబెత్ స్లేడెన్ వేసిన పాత్ర. 2006లో ఆమెని ఒక భాగంలో మళ్ళీ తీసుకొచ్చారు. జనం ఎంత ఆదరించారంటే, మరుసటి ఏడు ఆమె పేరుతోనే పిల్లల చానల్లో కథ మొదలైంది. లండన్‌లో ఈలింగ్ ప్రాంతంలో బ్యానర్మన్ రోడ్డు అనే కల్పిత వీధి. అక్కడొక పెద్దింట్లో యాభై దాటిన ఒంటరి ఆడమనిషి, ఆమె పెంపుడు కొడుకు, ఎదురింటి పిల్లలు కలిసి భూమిని కాపాడుతూంటారు. అంత వయసు స్త్రీని సాహసకథకి నాయికని చెయ్యడం ఇప్పటికీ అరుదే.

2008లో ఆ ఎదురింట్లోకి కొత్తగా ఒక కుటుంబం దిగింది. తండ్రి హరేష్ చంద్ర, హెడ్మాస్టరు. తల్లి గీత, పూలకొట్టు నడుపుతుంది. వాళ్ళమ్మాయి రాణి, విలేఖరి కావాలని కోరిక. అంజలి మొహీంద్ర ఆ పాత్ర వేసింది. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. మొదటిరోజు పరిగెత్తుకుంటూ వంటింట్లోకి వచ్చి, "అమ్మా, మనలాంటి వాళ్ళు ఇల్లు మారారు!" అంది. ఎవరో నిజంగా మా వీధిలోకి వచ్చారనుకుని కిటికీలోంచి తొంగి చూశాను.

విమర్శకురాలిగా ఆ పాత్రల్లో లోపాలు చెప్పగలను. గీత హడావిడి మనిషి, హాస్యం కోసం ఆమెని మరీ అమాయకురాల్ని చేశారు. హరేష్ క్రమశిక్షణ మాస్టారుల మూసలోవాడు. అయితే వాళ్ళు భారతీయులన్నది కథలో సమస్య కాదు, వాళ్ళకి బలవంతపు పెళ్ళిళ్ళు లేవు, అణచివేత లేదు, ఎప్పుడూ మాడిపోయే చపాతీలు లేవు. గీత ఎప్పుడు చూసినా సారా జేన్‌ని సారా అనే పిలుస్తుంది. ఆవిడ ప్రతిసారీ సారా జేన్ అని సరిచేస్తుంది. జీవితమంతా మన పేర్లు సగానికి కోసి పిలిపించుకున్న మనకి ఆ చిన్న హాస్యంలో ఎంత సంతోషముందో చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. పిల్లల సాహసాలు రాణి తల్లిదండ్రులకి తెలియవు. కూతురు భూమిని కాపాడి ఇంటికొస్తే, ఆలస్యమైందేమని గీత అడుగుతుంది. చూసినప్పుడల్లా నాకు చురుక్కుమనేది. మన పిల్లలు గుమ్మం దాటాక వాళ్ళది ఇంకో లోకం. ఆ భాష, ఆ తమాషాలు, ఆ అవమానాలు మనకి సగమే తెలుస్తాయి. 2009లో వచ్చిన ఒక కథలో, అందరూ నన్ను ఒంటరిగా వదిలేస్తే బాగుండునని రాణి విసుగులో అనుకున్న మాట నిజమైపోయి, ఏభై ఏళ్ళ తర్వాత అదే ఇంట్లో అటక మీద ఒంటరి ముసలమ్మగా మిగులుతుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకి చెప్పిన కథ అది. మా అమ్మాయి ఆ రాత్రి నా పక్కనే పడుకుంది.

అదే ఏడాది సారా జేన్ పెళ్ళి కథలో డాక్టరే బ్యానర్మన్ రోడ్డుకి వచ్చాడు. డేవిడ్ టెనంట్ వేసిన డాక్టర్. రాణిని చూశాడు, మాట్లాడాడు. ఉగాదినాడు మా అమ్మాయి వాదమంతా దాని మీదే నిలబడింది. "డాక్టర్ రాణిని చూశాడు కదా! చూసినవాళ్ళు లేనట్టెలా అవుతారు?" పైగా 2008లో అసలు కథలోనే జాక్, అయాంటో, సారా జేన్ అందరూ ఒకే ఆపదలో కనిపించారు కనక, ఒకటి వస్తే రెండోదీ రావాల్సిందేనని తర్కం. న్యాయంగా చూస్తే మా అమ్మాయిదే గెలుపు. కానీ ఆ పిల్ల పట్టుదల తర్కం కోసం కాదు. సారా జేన్ కథలు లెక్కలోకి రాకపోతే ఆ మహా విశ్వంలో రాణి లేనట్టు. రాణి లేకపోతే తనకీ చోటు లేనట్టు.

మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ ఒకే ప్రశ్న అడిగారు. ఒకడిది, ఇంత బాధ నిజమేనా అని. ఇంకోదానిది, నాకిక్కడ చోటుందా అని. ప్రమాణం మాట పైకి కనిపించే తొడుగు.

బీబీసీ ఇది ప్రమాణం, ఇది కాదు అని ఎప్పుడూ తేల్చి చెప్పలేదు. ఆ మౌనం ఎంత మేలు చేసిందో 'స్టార్ వార్స్' వాళ్ళని అడగండి. డిస్నీ ఆ సంస్థని కొన్నాక, 2014లో, అంతకుముందు దశాబ్దాలుగా వచ్చిన నవలలన్నీ ఇక దంతకథల కిందే లెక్క అని ప్రకటించారు. పుస్తకాలు అచ్చులోనే ఉన్నాయి, ఎవరూ లాక్కోలేదు. అయినా అవి చదువుతూ పెరిగినవాళ్ళు ఇంట్లోంచి గెంటేసినట్టు బాధపడ్డారు. ఒక్క ప్రకటనతో కథలో ఒక్క అక్షరం మారకపోయినా పాఠకుడి బాల్యం మారిపోయింది.

డాక్టర్ హూ విషయంలో జరిగింది దీనికి తలకిందులు. 1989లో టీవీ కథ ఆగిపోయాక పదహారేళ్ళు దాన్ని బతికించినవి నవలలూ, శ్రవ్య నాటకాలూ. 2005లో మళ్ళీ నిలబెట్టిన రస్సెల్ టి. డేవీస్ కూడా 1996లో ఆ వర్జిన్ నవలల్లో ఒకటి రాసినవాడే. ఆ ఏడాది వచ్చిన 'డాలెక్' భాగం రాబర్ట్ షియర్మన్ అంతకుముందు రాసిన శ్రవ్య నాటకం 'జూబిలీ' నుంచి పుట్టింది. పాల్ కార్నెల్ 1995లో రాసిన 'హ్యూమన్ నేచర్' నవలని 2007లో ఆయనచేతే టీవీకి రాయించారు. నవలలో ఉన్న డాక్టర్ ఒకరు, టీవీలో వచ్చిన డాక్టర్ ఇంకొకరు. రెండూ ఎలా జరుగుతాయని అడిగినవాళ్ళున్నారు. చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఇక 2013లో బీబీసీ విడుదల చేసిన ఒక చిన్న చిత్రంలో, ఎనిమిదో డాక్టర్ ప్రాణం పోయేముందు తన పాత స్నేహితుల పేర్లు తలచుకుంటాడు. ఆ పేర్లన్నీ శ్రవ్య నాటకాల్లోవి. మాకు తెలిసిన ఒక ఇంగ్లీషు ఆయన, పెద్ద ఇంజనీరు, అది విని వెక్కి వెక్కి ఏడ్చానని నాతో చెప్పాడు. అన్నేళ్ళు చెవులతో ప్రేమించిన మనుషులు ఉన్నారని అసలు కథ తన నోటితో ఒప్పుకుంది కదా మరి.

మాస్టారి మాటకి మళ్ళీ వస్తాను. మనం 'మాయాబజార్' ఎన్నిసార్లు చూసి ఉంటాం! శశిరేఖ వ్యాసభారతంలో లేదు. 1957 సినిమాకి ముందే జనం చెప్పుకున్న కథ, నాటకాల్లో ఆడిన కథ. అది ప్రక్షిప్తమని చెప్పినంత మాత్రాన ఘటోత్కచుడు లడ్డూలు తినడం ఎవరైనా మానిపించగలిగారా? పండితులు పాఠాలు పరిష్కరించడం అవసరమే, దేన్ని ఎవరు ఎప్పుడు రాశారో తెలియాలి. కానీ జనం మనసులో శశిరేఖ పెళ్ళి జరిగిపోయింది. దాన్ని రద్దు చేసే అధికారం ఏ పరిష్కర్తకీ లేదు.

అందుకని పిట్టకథని చూసేటప్పుడు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. అసలు కథ చెప్పలేని సంగతి ఇది చెప్పిందా? అసలు కథ తెలియనివాళ్ళు కూడా దీన్ని పట్టుకోగలరా? పాత మనుషుల్ని అరువు తెచ్చుకున్నందుకు వాళ్ళతో నిజాయితీగా ఉందా? 'చిల్డ్రన్ ఆఫ్ ఎర్త్' మూడింటికీ నిలబడుతుంది. సారా జేన్ కథల్లో ఎక్కువ భాగం నిలబడతాయి. 'మిరకిల్ డే' మొదటిదానికి నిలబడి, తర్వాత తడబడుతుంది. మీ లెక్క వేరుగా ఉంటే సంతోషమే.

ఇదంతా మన పత్రికలో ఎందుకని మీరు అడగొచ్చు. ఇలాంటి సంచికల్లో ఏళ్ళ తరబడి మనం చర్చించుకుంటున్నది ఇదే కదా. డయాస్పోరా సాహిత్యం తెలుగు సాహిత్యంలో లెక్కలోకి వస్తుందా? తెలుగు మాట్లాడటం వచ్చీ చదవడం రాని పిల్లలు తెలుగువాళ్ళేనా? ఇక్కడి మంచు గురించి రాసిన కథ అసలు కథా, పిట్టకథా? ఎవరో పెద్దలు ప్రమాణపత్రం ఇవ్వాలని ఎదురుచూస్తాం, ఇవ్వకపోతే చిన్నబుచ్చుకుంటాం. పాలమూరు దగ్గర పిల్లలమర్రి చూసినవాళ్ళకి తెలుసు. అన్ని ఊడలు దిగిన ఆ చెట్టులో అసలు మాను ఏదో చెప్పడం కష్టం. నీడ మాత్రం అంతటా ఉంటుంది.

ఎలిజబెత్ స్లేడెన్ 2011 ఏప్రిల్‌లో క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె అప్పటికే నటించిపెట్టిన కథలు ఆ శరదృతువులో ప్రసారమయ్యాయి, దాంతో సారా జేన్ కథలు ఆగిపోయాయి. మా అమ్మాయి ఆఖరి భాగం చూసి టీవీ కట్టేసి, చాలాసేపు రిమోట్ చేతిలో పట్టుకుని కూర్చుంది. అప్పటికి మేం ఇల్లు మారిపోయాం. లీగ్ టేబుల్లో పైనున్న స్కూలు పక్కకే.

2025 డిసెంబరులో బీబీసీలో ఇంకో పిట్టకథ వచ్చింది, 'ది వార్ బిట్వీన్ ది ల్యాండ్ అండ్ ది సీ'. అందులోనూ డాక్టర్ లేడు. క్రిస్మస్ సెలవలకి పిల్లలిద్దరూ ఇంటికొచ్చారు. భోజనాల దగ్గర మళ్ళీ అదే తగవు. ఇప్పుడు మావాడికి దాదాపు ముప్ఫై ఏళ్ళు. 'చిల్డ్రన్ ఆఫ్ ఎర్త్' లెక్కలోకి వస్తుందా నాన్నా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "వస్తుందమ్మా, రావాలి" అన్నాడు. "మరి ఆ రోజు ఎందుకు రాదన్నావు?" అంటే, "ఆ రోజు నాకు పదమూడేళ్ళు" అన్నాడు. "నేను అప్పుడే చెప్పాను" అంది వాళ్ళ చెల్లెలు, గోంగూర పచ్చడి తన వైపు జరుపుకుంటూ.